ఎత్తి పోసుకున్న రాజేశ్వరమ్మ

నాచారంలో రాజేశ్వరమ్మ ఇంట్లో మంచినీళ్ళు అడగడమంటే చిన్న పరీక్షకు కూర్చోవడమే. గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడుతుంది. మన పెదవుల వంకే చూస్తుంది. గ్లాసు అంచు పెదవికి తగిలిందా, ఇక దాని బతుకు బయట కుళాయి దగ్గరే. తోమి, కడిగి, ఎండబెడితే గాని వంటింటి గడప దాటదు. సిలిండరు తెచ్చే మనిషి, కేబులాయన, ఆఖరికి మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటాయన, అందరూ ఆ ఇంట్లో తల వెనక్కి వంచి, నోరు తెరిచి, ఎత్తి పోసుకున్నవాళ్ళే. చొక్కాలు తడుపుకొని వెళ్ళినవాళ్ళూ లేకపోలేదు. ఎంగిలి అంటే ఆవిడకు అంత పట్టింపు.

ఒకరిని అనడమే కాదు, ఆ పనిలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. ఉప్పల్ మెట్రో స్తంభాల కింద షేర్ ఆటో గుంతల్లో పడి లేస్తుంటే కూడా మరచెంబు మూత తిప్పి, మూరెడెత్తు నుంచి ధార పోసుకుంటుంది. పక్కనున్నవాళ్ళు భయపడి కొంగులు దగ్గరికి తీసుకోవడమే గాని, ఒక్క చుక్క ఎవరి మీదా పడింది లేదు. ఆ మరచెంబు ఆవిడ భర్త భూషణం గూడ్సు బండి గార్డుగా చేసిన రోజుల నాటిది. ఆయన రిటైరయ్యాడు గాని చెంబు కాలేదు.

ఇక రెండో సంగతి వైన్స్. మన ఊళ్ళో వైన్స్ అని బోర్డు ఉన్న షాపులో విస్కీ దొరుకుతుంది, బ్రాందీ దొరుకుతుంది, బీరు దొరుకుతుంది, వైను ఒక్కటే దొరకదు. అలాంటి షాపు ఒకటి ఫ్యాక్టరీల రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే మూల మీద పెడతానని ఉపేందర్ అనే ఆయన షట్టరు అద్దెకు తీసుకున్నాడు. సాయంత్రం షిఫ్టు వదిలాక మసాలా ప్యాకింగు కంపెనీ ఆడవాళ్ళు, కుట్టు కంపెనీ ఆడవాళ్ళు ఉప్పల్, రామంతాపూర్ ఆటోల కోసం నిలబడేది ఆ మూల మీదే. అక్కడ తప్ప ఆటోలు ఇంకెక్కడా ఆగవు.

ఆ కబురు మోసుకొచ్చింది శాంతాబాయి. రాజేశ్వరమ్మ ఇంటి వెనక గదిలో అద్దెకుంటుంది, మసాలా కంపెనీలో పని. "అక్కా, మా ఇంటాయన ఒక్కడు తాగొస్తేనే నేను మూలకు కూసుంట. గక్కడ యాభై మంది తాగుకుంట నిలబడితే మేమెక్కడ నిలబడాలె" అంది. ఏడవలేదు, తిట్టలేదు, మామూలుగా అడిగింది. దాంతో రాజేశ్వరమ్మకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడే ఆ మూల మీద టెంటు వేయించింది. తనే ముందు కూర్చుంది. షిఫ్టు వదిలాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన చేరారు. వారం తిరిగేసరికి నాచారం, ఉప్పల్ వాట్సాప్ గ్రూపులన్నిటిలో వైన్స్ వద్దంటున్న రాజేశ్వరమ్మ ఫోటోయే.

అయితే ఆ గొడవకు ముందే ఇంకో ముచ్చట కుదిరిపోయి ఉంది. కాలనీ వాకింగ్ బ్యాచ్ అంతా కలిసి యూరప్ టూరుకు డబ్బు కట్టేశారు. వంటవాడు వెంటే వస్తాడు, పూట పూటకూ పప్పన్నం గ్యారంటీ. ఈ బ్యాచ్‌కు పెద్ద గంగాధరరావు, రిటైరైన సైంటిస్టు, రాజమండ్రి వైపు మనిషి. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందే అంతా చదువుకొని, వెళ్ళాక దాన్ని అందరికీ ఒప్పజెప్పే రకం. మంచివాడే, నోరు ఆగదు, అంతే.

రాజేశ్వరమ్మ రానని మొండికేసింది. షాపు సంగతి తేల్చడానికి ఎక్సైజ్ ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తానన్నది వీళ్ళు తిరిగొచ్చిన మర్నాడే. ఆ రోజు టెంటు నిండా ఆడవాళ్ళుంటే షాపు రాదు, టెంటు ఖాళీగా కనబడితే వస్తుంది. లెక్క అంత సూటిగా ఉంది.

"నువ్వు పోయిరా అక్కా, టెంటు నేను సూస్కుంట" అంది శాంతాబాయి. ఆ మాట మీదే రాజేశ్వరమ్మ విమానం ఎక్కింది.

పారిస్ చూశారు, స్విట్జర్లాండ్ మంచు చూశారు, చివరికి స్పెయిన్‌లో దిగారు. బార్సిలోనా నుంచి గంట ప్రయాణంలో పెనెదెస్ అని ద్రాక్షతోటల సీమ ఉంది. ఒక రోజంతా అక్కడే, తొందరేం లేదు, తోట చూసి, వైను రుచి చూసి, భోంచేసి రావడమే అని టూరువాళ్ళు చెప్పారు. వైను మాట వినగానే బస్సులో అందరూ రాజేశ్వరమ్మ వైపు తిరిగారు.

"నా మొఖం ఏం జూస్తరు. తాగేటోళ్ళు తాగున్రి. నేను తోట జూసొస్త" అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "ఇంత దూరమొచ్చినం గావట్టి నువ్వు వాసన జూడు. వాసనే" అని ఉత్తర్వు ఇచ్చింది. భూషణం తల ఊపాడు. ముప్పై ఏళ్ళు పచ్చ జెండా, ఎర్ర జెండా చూపించిన మనిషి, ఇంట్లో మాత్రం ఎదుటివాళ్ళ జెండాయే చూసుకుంటాడు.

తోట ఆవిడ మనసుకు ఎక్కలేదు. ద్రాక్ష చెట్లు మోకాలి ఎత్తున, చేతులు చాచుకొని, వరసలుగా నిలబడి ఉన్నాయి. ఆవిడ కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో నాచారం చుట్టూ ద్రాక్షతోటలే. మనిషి తలెత్తు పందిళ్ళు, కింద చల్లని నీడ, పైనుంచి వేలాడే గుత్తులు. ఇప్పుడు వైన్స్ వస్తానంటున్న మూల కూడా అప్పుడు ఒక పందిరి కిందిదే. "పందిరెయ్యకుంట ద్రాక్ష పెడుతరా ఎవలన్న. గింత దేశముండి నాలుగు రాతి కడీలు దొరకలేదా" అని అక్కడి అమ్మాయి నూరియాను తెలుగులోనే అడిగింది. నూరియా ఆ తోట వాళ్ళ పిల్ల, వచ్చినవాళ్ళకు తోట చూపించే పని ఆమెదే. గంగాధరరావు దాన్ని ఇంగ్లీషులో చెబుతూ పందిరికి పాతే రాతి స్తంభాల సంగతి వదిలేసి, చాలా బాగుందట అని ముగించాడు.

హాల్లో బల్ల మీద గ్లాసులు బారుగా పెట్టి ఉన్నాయి. నూరియా గ్లాసులో నాలుగు చుక్కలు ఎర్రటి వైను పోసి, గిరగిరా తిప్పి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, నోట్లో పోసుకొని, బుగ్గలు అటూ ఇటూ ఆడించి, పక్కనున్న బకెట్టులో ఉమ్మేసింది. తెలిసినవాళ్ళు వైను రుచి చూసే పద్ధతి అదేనట. అందరూ చేశారు. తిప్పారు, ముక్కులు పెట్టారు, పుక్కిలించారు, ఉమ్మారు, మళ్ళీ అదే గ్లాసులో ఇంకోటి పోయించుకున్నారు. రాజేశ్వరమ్మ ఆ బకెట్టును చూసి గోడ వరకూ జరిగింది.

"ఇందులో నేరేడు పండు వాసన, పాత తోలు వాసన వస్తాయటండి" అన్నాడు గంగాధరరావు.

భూషణం గ్లాసులో ముక్కు బాగా లోపలికి పెట్టి పీల్చాడు. "తోలు వాసనకు స్పెయిన్ దాక రావాల్నా. నా డ్యూటీ బూట్లు అటక మీదనే ఉన్నయ్" అన్నాడు. అయినా ముక్కు మాత్రం బయటికి తీయలేదు. పాపం, ఆ పొద్దంతా గ్లాసు తర్వాత గ్లాసు వాసన చూస్తూనే ఉన్నాడు.

ఇంతలో రాజేశ్వరమ్మకు దాహం పట్టుకుంది. పొద్దున వంటవాడు ఉప్మాలోకి ఆవకాయ వేశాడు. బస్సు తొందరలో మరచెంబు హోటల్లోనే ఉండిపోయింది. నీళ్ళు అడిగితే కాడ ఉన్న గ్లాసులో ఇచ్చారు. దానికెన్ని మూతులు తగిలాయో. పోనీ ఎత్తి పోసుకుందామంటే ఆ గ్లాసు బానలా వెడల్పు మూతిది, పోస్తే ముఖం కడుక్కోవడమే అవుతుంది. హోటలు చేరేదాకా ఓర్చుకుంటానని నాలుక తడుపుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాలు పెరట్లో వేశారు. ఆశ్చర్యం, పెరట్లో పందిరి ఉంది. నిజమైన ద్రాక్ష పందిరి, కింద పొడుగాటి బల్ల. నూరియా వాళ్ళ నాయనమ్మ, తాత, కొడుకులు, కోడళ్ళు, పిల్లలు అందరూ ఒక వైపు. చొక్కాల నిండా ఎర్ర మరకలతో జర్మనీ వాళ్ళెవరో ఒక వైపు. మన బ్యాచ్ పప్పన్నం డబ్బాలతో ఇంకో వైపు. నాయనమ్మ లోపలి నుంచి గాజు పాత్ర ఒకటి తెచ్చింది. పాత్రకు పక్కన సన్నని కొమ్ము. మన కొమ్ముచెంబే, కాకపోతే గాజుది. నిండా తేటగా, నిమ్మకాయ పిండిన నీళ్ళ రంగులో ఉన్నాయి. నాయనమ్మ దాన్ని పైకెత్తి, తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ధారగా పోసుకొని తాతకు అందించింది. తాతా అలాగే పోసుకున్నాడు. కొడుకూ, కోడలూ అంతే. ఒక్కరి మూతీ దానికి తగల్లేదు.

రాజేశ్వరమ్మకు ప్రాణం లేచొచ్చింది. పదిహేను రోజులుగా యూరప్ అంతా వెతికి వెతికి ఎంగిలి తెలిసిన మనుషుల్ని ఇప్పటికి చూసింది. "గీళ్ళు మనోళ్ళు" అని లేచి వెళ్ళి చెయ్యి చాపింది.

జర్మనీవాళ్ళు అంతకుముందు ఎర్ర వైను ఇలాగే పోసుకోబోయి తమ చొక్కాలు ఏమయ్యాయో గుర్తొచ్చి నవ్వబోయారు. రాజేశ్వరమ్మ కొమ్ముచెంబు అందుకొని, కొంగు నడుముకు దోపి, చెయ్యి ఎంత వస్తే అంత పైకి లేపింది. ధార సన్నగా, తిన్నగా నోట్లోకి దిగింది. దిగుతూనే ఉంది. నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. పొద్దుటి నుంచి పట్టిన దాహం మరి. పాత్ర సగం ఖాళీ అయ్యాక, చివర్న ఒక చిన్న మణికట్టు విరుపుతో ధార తెంపి దించింది. బల్ల అంతా చప్పట్లు కొట్టింది. తాత లేచి నిలబడి టోపీ తీశాడు.

"సల్లగున్నయ్. నిమ్మకాయ మంచిగనే పిండిన్రు గని, ఉప్పెయ్య మరిచిన్రు" అంది రాజేశ్వరమ్మ మూతి తుడుచుకుంటూ.

గంగాధరరావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, అది వైనండి. వీళ్ళ తెల్ల వైను."

మన బ్యాచ్‌లో అందరూ చెంచాలు కింద పెట్టారు. రాజేశ్వరమ్మకు చెవుల వెనక అప్పుడే వెచ్చగా తెలిసొస్తోంది. నాచారం మూల, టెంటు, శాంతాబాయి, అందరూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు. నాయనమ్మకు ఇదేం తెలుసు. పాత్ర మళ్ళీ నింపి, నోట్లో మిగిలిన నాలుగు పళ్ళతో నవ్వుతూ చాపింది.

వద్దని చెయ్యి అడ్డం పెడితే అయిపోయేది. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు. రాజేశ్వరమ్మ చుట్టూ ఒకసారి చూసింది. పందిరి నీడ బాగుంది. ముసలావిడ భుజం మీద కోడలు చెయ్యి వేసుకొని కూర్చుంది. పిల్లలు బల్ల కింద దూరి ఆడుకుంటున్నారు. తాగుతున్న మగవాళ్ళ పక్కనే ఇంతమంది ఆడవాళ్ళు కూర్చున్నారు గాని ఒక్కరూ ముడుచుకొని లేరు, పైట సర్దుకుంటూ లేరు. ఇలా కూర్చొని తాగడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, అది బాగుంది. నోటికి బాగుంది.

పాత్ర అందుకొని మళ్ళీ ఎత్తింది. గంగాధరరావు ఈసారి ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు.

భూషణం ముక్కు గ్లాసులోంచి బయటికొచ్చింది. "నన్నేమో వాసన జూడమంటివి" అన్నాడు.

పోయేటప్పుడు నాయనమ్మ ఆ కొమ్ముచెంబును కాగితంలో చుట్టి రాజేశ్వరమ్మ చేతిలో పెట్టి రెండు బుగ్గలూ ముద్దాడింది. ఆ ముద్దుల ఎంగిలి కూడా రాజేశ్వరమ్మ పట్టించుకోలేదంటే వైను ఏ మాత్రం పనిచేసిందో చూసుకోండి. బస్సులో కునుకు తీస్తూ, మధ్యమధ్య లేచి, ఆ తోటకు పందిరి వేయాల్సిందేనని భర్తకు చెప్పి మళ్ళీ పడుకుంది.

గంగాధరరావుకు కడుపులో ఏ మాటా దాగదు. పొంగిపోయి, మన రాజేశ్వరమ్మగారు స్పెయిన్ వాళ్ళ చేత టోపీలు తీయించారు అని రాసి ఆ వీడియోను కాలనీ గ్రూపులో పెట్టేశాడు. అది కాలనీ దాటి, మెయిన్ రోడ్డు దాటి, చేరవలసిన చోటికి చేరింది.

వీళ్ళు ఎయిర్‌పోర్టు నుంచి కారులో నాచారం మూల తిరిగేసరికి షట్టరు పైన పేద్ద ఫ్లెక్సీ. ఒక వైపు ఉపేందర్ రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ఇంకో వైపు రాజేశ్వరమ్మ, తల వెనక్కి, నోట్లోకి ధార. మధ్యలో, స్పెయిన్‌లో వైను తాగి మన నాచారం పేరు నిలబెట్టిన అమ్మగారికి హార్దిక స్వాగతం, అని బంగారు రంగు అక్షరాలు. కింద టెంటు ఖాళీగా ఉంది.

ఉపేందర్ కారు దగ్గరికి వచ్చి మర్యాదగా వంగాడు. "నమస్తే అమ్మా. ప్రయాణం మంచిగ జరిగిందా. మీ అసుంటి పెద్దోళ్ళు అలవాటు జేసుకుంటే మా అసుంటోళ్ళకు ధైర్యం" అన్నాడు. రాజేశ్వరమ్మ కారు అద్దం పైకెత్తేసింది.

గంగాధరరావు తల పట్టుకొని ఇంటికొచ్చాడు. "బుద్ధి గడ్డి తిన్నదండీ. ఓ పని చేద్దాం. నీళ్ళనుకొని తాగానని చెప్పండి. నేను సాక్షిని. మొదటిసారి నిజంగా అంతే కదా, రెండోసారి సంగతి ఎవరికి తెలుసు" అన్నాడు. భూషణం కూడా, గట్లనే చెప్పు, రేపు ఆఫీసరు వస్తున్నడు, అన్నాడు. ఆవిడ కాళ్ళు కడుక్కొస్తానని లేచింది.

సాయంత్రం శాంతాబాయి షిఫ్టు దిగి తిన్నగా వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, కంపెనీల అందరు ఆ వీడియో జూసి నవ్విన్రు. రేపు టెంటుకు రామంటున్రు. నీళ్ళనుకొని తాగిందే, మా అక్క అసుంటిది గాదు అని నేను అందరితోటి కొట్లాడిన. గంతే గదా అక్కా" అంది.

అవునంటే సరిపోతుంది. వెనక నుంచి భూషణం సైగలు కూడా చేస్తున్నాడు. కాని తన కోసం కొట్లాడి వచ్చిన మనిషి కళ్ళలోకి చూస్తూ ఆ ఒక్క ముక్క రాజేశ్వరమ్మ నోట రాలేదు.

"మొదటిది నీళ్ళనుకున్న శాంతా. రెండోది తెలిసే తాగిన" అంది.

శాంతాబాయి వెనక గదికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు టెంటులో రాజేశ్వరమ్మ, పక్కన భూషణం, ఇద్దరే. మరచెంబు సూట్‌కేసు అడుగున ఎక్కడో ఉండిపోయి, నీళ్ళకు ఆ కొమ్ముచెంబే తెచ్చుకుంది. పైన ఫ్లెక్సీలో ఆవిడే, కింద కుర్చీలో ఆవిడే. దారిన పోయేవాళ్ళు పైకోసారి, కిందికోసారి చూసి పోతున్నారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతున్నా కుర్చీ మాత్రం వదల్లేదు. షిఫ్టు వదిలే వేళకు ఆఫీసరు జీపు దిగాడు. ఉపేందర్ ఎదురెళ్ళి ముందుగా ఫ్లెక్సీ చూపించాడు. ఆడవాళ్ళు కంపెనీ నుంచి వచ్చి ఆటోల దగ్గరే ఆగిపోయారు. అందులో శాంతాబాయి కూడా ఉంది.

"ఆ ఫోటోలో ఉన్నది మీరేనా అమ్మా" అన్నాడు ఆఫీసరు.

"నేనే సార్."

"నీళ్ళనుకొని తాగారని ఎవరో చెప్పారు."

"ఫోటోల ఉన్నది తెలిసి తాగినప్పటిది."

ఆఫీసరు ఫైలు మూశాడు. "మరి మీకే అభ్యంతరం లేనప్పుడు ఈ షాపు మీద గొడవ దేనికి?"

రాజేశ్వరమ్మ లేచి నిలబడింది. "సార్, నేను తాగిన కాడ నా పక్కన ముసలామె కూసున్నది, కోడండ్లు కూసున్నరు, పిల్లలు ఆడుకుంటున్రు. ఎవ్వలు ఎవ్వలికి భయపడలే. ఉపేందర్‌ను గసుంటిది పెట్టమనున్రి, నేనే వచ్చి రిబ్బను కోస్త. గీ మూల మీద మా ఆడోళ్ళు పొద్దుమీకి ఆటో కోసం నిలబడాలె. షాపు ముంగట గుంపు ఎట్లుంటదో మీకెరికే. మీ ఇంట్ల ఆడోళ్ళను రోజు గీడ నిలబెడుతనని చెప్పున్రి, నేను ఇప్పుడే టెంటు పీకేస్త" అంది.

ఆఫీసరు ఆటోల వైపు చూశాడు. అటు నుంచి శాంతాబాయి టిఫిను సంచీ భుజాన వేసుకొని నడిచొచ్చి, టెంటులో రాజేశ్వరమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొందరు. కుర్చీలు చాలక కింద కూర్చున్నారు. ఎండకు టెంటు గుడ్డ సరిపోకపోతే ఇద్దరు కుట్టు కంపెనీ పిల్లలు నిచ్చెన వేసి ఆ ఫ్లెక్సీ విప్పుకొచ్చి పైన కప్పారు. ఉపేందర్ వద్దనబోయాడు గాని, రాజేశ్వరమ్మ బొమ్మ రాజేశ్వరమ్మకు నీడ ఇస్తుంటే ఏమని వద్దంటాడు.

ఆఫీసరు ఈ మూల పనికిరాదని అక్కడే రాసుకున్నాడు. రాసుకొని, దాహమని నీళ్ళడిగాడు. రాజేశ్వరమ్మ కొమ్ముచెంబు చేతికిచ్చి, ఎప్పటిలాగే ఎదురుగా నిలబడింది. ఆయన ఎత్తి పోసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా గుండీల దాకా తడిసింది. ఆఫీసరు కూడా నవ్వేసి జీపెక్కాడు.

అందరూ ఆటోలకు కదిలాక శాంతాబాయి కుర్చీలోంచి లేవలేదు. కొమ్ముచెంబును చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూసింది.

"అక్కా, ఒకటడుగుత. ఎట్లుంటది?"

"ఏంది?"

"గదే. పెండ్లయినప్పటి సంది రోజు వాసన జూస్తున్న. రుచి ఎట్లుంటదో నాకెవ్వలు చెప్పలే."

రాజేశ్వరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "జర పుల్లగుంటది. సల్లగుంటది. పక్కన కూసున్నోళ్ళు మంచోళ్ళయితే మస్తుంటది" అంది.

శాంతాబాయి కొమ్ముచెంబు ఎత్తింది. మంచినీళ్ళే. చెయ్యి అలవాటు లేక ధార ముక్కు మీద పడింది, మెడ మీద పడింది. నవ్వొచ్చి ఆపుకోలేక కొమ్మును తిన్నగా నోట్లో పెట్టుకొని గటగటా తాగింది. తాగాక గుర్తొచ్చి, బిక్కచచ్చి, కడిగి తెస్తానని లేవబోయింది.

"కూసో" అంది రాజేశ్వరమ్మ. ఆ చెంబును కడగకుండా అలాగే అందుకొని, తల వెనక్కి వంచింది.